రైతును పెళ్లి చేసుకుంటానంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు: నా లెక్కలో తప్పెక్కడ?

ముక్కుపుడక (గుంటూరు)

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 28 ఏళ్లు. గుంటూరులో ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. గడిచిన రెండేళ్లలో మా ఇంట్లో తొమ్మిదిసార్లు పెళ్లిచూపులు జరిగాయి. ఆ తొమ్మిది మందిలో నాతో విడిగా మాట్లాడినవారు ఆరుగురు. పెళ్లయ్యాక ఉద్యోగం మానేయడానికి అభ్యంతరం లేదు కదా అన్న ప్రశ్న ఆ ఆరుగురూ అడిగారు.

నేను చేసుకోవాలనుకుంటున్న వ్యక్తికి 32 ఏళ్లు. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, తండ్రి పోయాక దుగ్గిరాల దగ్గరి సొంతూరికి తిరిగి వచ్చి, తమకున్న మూడెకరాలతో పాటు మరో నాలుగెకరాలు కౌలుకు తీసుకుని సాగు చేస్తున్నారు. కొంతమేర పసుపు, మిగిలినది వరి, వరి కోశాక మినుము. మేనల్లుడి ఫీజు విషయమై మా కళాశాలకు వచ్చినప్పుడు పరిచయమయ్యారు. కులం ఒక్కటే, గోత్రాలు వేరు, జాతకాలు కుదిరాయని మా పురోహితుడే చెప్పాడు. కాదనడానికి మామూలుగా దొరికే కారణాలేవీ మావాళ్లకు దొరకలేదు. అబ్బాయి రైతు కావడం ఒక్కటే దోషం.

మా నాన్న కూడా రైతే. నన్ను చదివించడానికి రెండెకరాలు అమ్మారు. "నా కష్టం నీకు వద్దనే కదమ్మా ఆ పొలం అమ్మింది, మళ్లీ ఆ బురదలోకే దిగుతానంటావేమిటి?" అని ఆయన అడిగినప్పుడు నా నోట మాట రాలేదు. అమ్మ దిగులు వేరు. పెళ్లికి వచ్చినవాళ్లు అబ్బాయి ఏం చేస్తుంటాడని అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తోచడం లేదు. ఇంతలో పెదనాన్న డల్లాస్‌లో ఉన్న సంబంధం ఒకటి తెచ్చి, ఫోటో అమ్మ చేతిలో పెట్టి, నెలలోగా ఏదో ఒక మాట చెప్పమన్నారు.

నాకు అబద్ధం చెప్పని మనిషి కావాలి, నా ఉద్యోగాన్ని తన పనితో సమానంగా చూసే మనిషి కావాలి. ఆయన అటువంటివారేనని నమ్ముతున్నాను. అయితే నేను నిజంగా నా విలువలను బట్టి ఎంచుకుంటున్నానా, లేక తొమ్మిది పెళ్లిచూపుల విసుగుతో మొండికేస్తున్నానా అన్నది నాకే తేలడం లేదు. అందుకే మీ ముందు పెడుతున్నాను.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

అమ్మాయీ, నేను ముప్పై నాలుగేళ్లు తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేశాను, అందులో ఒకదానికి ఏడాదిపాటు అడ్డుపడ్డాను కూడా. ఆ అనుభవంతో ఒక మాట చెబుతాను. తల్లిదండ్రుల 'వద్దు'లో భయమూ ఉంటుంది, నామోషీ ఉంటుంది. ఈ రెండూ ఒకే గొంతుతో మాట్లాడతాయి కాబట్టి పిల్లలకు తేడా తెలియదు, ఒక్కోసారి మాకూ తెలియదు. మీ నాన్నగారిది ఎక్కువపాళ్లు భయం. ఆ భయానికి ఆధారం ఉంది, దానికి మీరు అంకెలతో జవాబు చెప్పవలసిందే. మీ అమ్మగారిది నామోషీ. దానికి జవాబు చెప్పనక్కరలేదు, కాస్త కాలం ఇస్తే చాలు. చాలా ఇళ్లలో పిల్లలు దీన్ని తలకిందులుగా చేస్తారు: నామోషీతో వాదనకు దిగి, భయాన్ని గాలికి వదిలేస్తారు.

రెండెకరాలు (పర్చూరు)

ముక్కుపుడక గారూ, నేను మీరు చెప్పిన వరుని స్థానంలో ఉన్న మనిషిని. వయసు 34, ఇంకా పెళ్లి కాలేదు. శనగ, పొగాకు వేస్తాను. మా ఊళ్లో నాలాంటివాళ్లం పదకొండుమందిమి ఉన్నాం. సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చుంటే పెళ్లి మాట ఎవరూ ఎత్తరు. వివాహ పరిచయ కేంద్రంలో వివరాలు నింపేటప్పుడు అక్కడి ఉద్యోగి 'వ్యవసాయం' అన్న మాట కొట్టేసి 'వ్యాపారం' అని రాయమన్నాడు. నేను రాయలేదు. రాసి ఉంటే ఈపాటికి ఇద్దరు పిల్లలుండేవారని మా అమ్మ ఇప్పటికీ సణుగుతుంది.

అయినా మిమ్మల్ని హెచ్చరించడానికే ఇది రాస్తున్నాను. రైతు అంటే గౌరవమని చెప్పి నన్ను చేసుకోవడానికి ముందుకొచ్చిన అమ్మాయి ఒకరున్నారు. నిశ్చితార్థం దాకా వెళ్లింది. ఆమె గౌరవించింది అన్నదాతను. నేను అన్నదాతను కాను, పురుగుమందుల కొట్లో బాకీ ఉన్న మనిషిని. ఆ సంగతి తెలిసిన వారానికి సంబంధం తప్పిపోయింది. మీరు రైతును చేసుకోకండి. ఆ మనిషి నచ్చితే ఆ మనిషిని చేసుకోండి, ఆయన రేపు పొలం వదిలేసి కిరాణా కొట్టు పెట్టుకున్నా మీకు తేడా రాకూడదు.

నీలిగోరింట (హైదరాబాదు)

పై సభ్యుని మాటకు నా అనుభవం జత చేస్తాను. పన్నెండేళ్ల క్రితం ఇంట్లోవాళ్లను ఎదిరించి, విలువలను బట్టే భర్తను ఎంచుకున్నాను, ఆ మాట గర్వంగా చెప్పుకున్నాను కూడా. ఆయన కట్నం తీసుకోలేదు, సభల్లో స్త్రీ సమానత్వం గురించి చక్కగా మాట్లాడేవారు, మా పెళ్లిలో పురోహితుడు లేడు. ఇంటికొచ్చాక మాత్రం తిన్న కంచం తిన్నచోటే ఉండేది. నాకు జ్వరం వచ్చిన రోజున కూడా ఆ కంచం అక్కడే ఉంది. ఆరేళ్లకు విడిపోయాం.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే నాకు తెలిసివచ్చిందేమిటంటే, బంధువుల మెప్పును కాలదన్నానని నేను అనుకున్నాను గానీ, మెప్పు కోరుకోవడం మానలేదు. మా మిత్రబృందం మెచ్చుకుంది, పత్రికలో మా పెళ్లి గురించి నాలుగు వాక్యాలు వచ్చాయి, ఆ చప్పట్లు నాకు ఎంతో తీపిగా ఉండేవి. నలుగురూ మారారు, అంతే. వాళ్లేమనుకుంటారో అన్న ఆలోచన మారలేదు. వివాహం చెడిపోతోందని బయటికి చెప్పుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది, ఎందుకంటే ఆ మిత్రుల ముందు ఓడిపోయినట్టవుతుంది. కాబట్టి మీరు మీ తల్లిదండ్రుల సంగతి కాసేపు పక్కనబెట్టి, ఈ పెళ్లి చూసి ఎవరు చప్పట్లు కొడతారో లెక్కపెట్టుకోండి. ఆ చప్పట్లు లేకపోయినా ఆయన కావాలా?

ఆయన చెప్పే మాటలు వినవద్దని నా సలహా. అన్నం ఆలస్యమైనప్పుడు తల్లితో ఏ గొంతుతో మాట్లాడతారో, తాను చేసిన పొరపాటును ఎవరైనా ఎత్తిచూపితే ముఖం ఎలా పెడతారో చూడండి.

బెజవాడ వకీలు

వృత్తిరీత్యా రెండు ముక్కలు. చట్టం వైపు నుంచి మీకు అడ్డేమీ లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండితే చాలు, తల్లిదండ్రుల అంగీకారం షరతు కాదు. యుక్తవయస్కులు తమకు నచ్చినవారిని పెళ్లాడవచ్చని సుప్రీంకోర్టు 2006లో లతాసింగ్ కేసులోనే స్పష్టం చేసింది, 2018లో షఫీన్ జహాన్ కేసులో ఆ హక్కు రాజ్యాంగం 21వ అధికరణలో భాగమని చెప్పింది. ఆస్తి ఇవ్వననే బెదిరింపు ఇలాంటి ఇళ్లలో తరచూ వినిపిస్తుంది కాబట్టి అదీ చెబుతాను. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకు మగపిల్లవాడితో సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. తండ్రి స్వార్జితాన్ని మాత్రం ఆయన ఇష్టం వచ్చినవారికి వీలునామా రాసుకోవచ్చు.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. మీ ఇంట్లో జరుగుతున్నది మాటల యుద్ధమే. కులం అడ్డొచ్చిన జంటలకు ఇది ప్రాణాల మీదికి వస్తుంది. 2018లో మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ని, గర్భిణి అయిన భార్య పక్కనుండగానే, ఆసుపత్రి బయట నరికి చంపించారు. నల్లగొండ కోర్టు తీర్పు 2025లో వచ్చింది. కులం, గోత్రం, జాతకం అన్నీ కుదిరాక కూడా ఇంత గొడవ జరుగుతోందంటే, అవేవీ కుదరనివారి పరిస్థితి ఏమిటో ఈ చర్చ చదివేవారు ఒక్క క్షణం ఆలోచించాలి.

ముక్కుపుడక (గుంటూరు)

అందరికీ కృతజ్ఞతలు. వకీలు గారి చివరి మాట చదివాక, నా కష్టాన్ని నేను కొంచెం పెద్దది చేసి చూసుకుంటున్నానని అర్థమైంది.

రెండెకరాలు గారికి: బాకీల సంగతి నాకు ముందే తెలుసు. పెళ్లి ప్రస్తావన నేనే తెచ్చాను. ఆ రోజు ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మరుసటి ఆదివారం తెనాలి బస్టాండులో కలిసి, నీలిరంగు అట్ట ఉన్న ఒక పొడుగు నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "ఇది చదివాక మాట్లాడుకుందాం" అన్నారు. మొదటి పేజీలో సొసైటీలో తీసుకున్న పంట రుణం ఉంది. రెండో పేజీలో కిందటి జూన్‌లో కౌలు కోసం ప్రామిసరీ నోటు మీద తెచ్చిన లక్షన్నర, రెండు రూపాయల వడ్డీ, ఎవరి దగ్గర తెచ్చిందీ, ఏ తేదీన తెచ్చిందీ అన్నీ రాసి ఉన్నాయి. అక్క పెళ్లికి చేసిన అప్పులో మిగిలిన ముప్పై వేలు కూడా అందులో ఉంది. గుంటూరు బస్సులో కూర్చుని ఆ పుస్తకం చదువుతుంటే, తొమ్మిది పెళ్లిచూపుల్లో ఒక్కరు కూడా తమకు అప్పుందని చెప్పని సంగతి గుర్తొచ్చింది. వాళ్లలో ముగ్గురికి హైదరాబాదులో ఫ్లాట్లున్నాయి, అవి వాయిదాల మీద కొన్నవి కాకుండా ఎలా ఉంటాయి?

నీలిగోరింట గారికి: మీ ప్రశ్న రెండు రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. నా స్నేహితురాళ్లు ఇద్దరు నన్ను తెగ పొగుడుతున్నారు, ఆ పొగడ్త నాకు ఇష్టంగానే ఉంది, ఒప్పుకుంటున్నాను. వాళ్లకు ఇకమీదట ఈ విషయం చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. కంచం సంగతి చూశాను. ఫిబ్రవరిలో వాళ్లింట్లో పసుపు ఉడకబెట్టే రోజున వెళ్లాను. మధ్యాహ్నం మూడింటికి అన్నం తిన్నారు, కంచం కడిగి బోర్లించారు, ఎవరో చూస్తున్నారని చేసినట్టు లేదు. అయితే నచ్చనిదీ ఒకటి చూశాను. కౌలు నాలుగెకరాలు తీసుకున్న సంగతి వాళ్లమ్మకు సంతకాలయ్యాకే చెప్పారట. ఆవిడ ఆ మాట నాతో నవ్వుతూ చెప్పారు గానీ, ఆ నవ్వు వెనక నొప్పి ఉంది. నేను అడిగితే, "చెబితే వద్దంటుందని చెప్పలేదు" అన్నారు. రేపు నాకు కూడా అలాగే చెప్పరా అని అడిగాను. కాసేపు ఊరుకుని, "చెప్పకపోవచ్చు, అలవాటు మార్చుకోవాలి" అన్నారు. ఆ జవాబును ఏ ఖాతాలో రాసుకోవాలో నాకు తెలియడం లేదు.

డల్లాస్ వాన

మా ఊరి సంబంధం ప్రస్తావన వచ్చింది కాబట్టి కలగజేసుకుంటున్నాను (ఆ వరుణ్ని నేను కాను, నాకు పెళ్లయి పదేళ్లయింది). పెద్దలు కుదిర్చిన సంబంధమే చేసుకున్నాను, సుఖంగానే ఉన్నాం. పెద్దలు చూసిన సంబంధమంటే విలువలు లేనిదని, మనసుకు నచ్చి చేసుకున్నదంటే విలువలున్నదని ఇక్కడ కొందరి మాటల్లో ధ్వనిస్తోంది. అది సరికాదు. ఎదుటి మనిషిని ఎవరు చూపించారన్నది ముఖ్యం కాదు, చూపించాక మనం ఏమడిగామన్నది ముఖ్యం.

నేను మా ఆవిడను ఏమీ అడగలేదు. ఆమె బ్యాంకులో ఆఫీసరు. ఇక్కడికి వచ్చాక, ఉద్యోగి భాగస్వామికి ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేకపోయింది. నాలాగా హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవారికి ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే అర్జీ, మంజూరైతే భాగస్వామికి పని అనుమతి ఇచ్చే పద్ధతి 2015లో వచ్చింది గానీ, నాకు ఆ కాగితం రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ మా ఆవిడ మధ్యాహ్నం పూట కిటికీ దగ్గర నిలబడి ఎవరైనా నడిచి వెళ్తారేమోనని చూసేది. ఇక్కడ రోడ్డు మీద ఎవరూ నడవరు. మా పెళ్లికి వెయ్యి మంది వచ్చి దీవించారు. ఆ కిటికీ దగ్గరికి వాళ్లలో ఒక్కరూ రాలేదు. ముక్కుపుడక గారికి ఉద్యోగమే ప్రధానమైతే, ఆ డల్లాస్ అబ్బాయి మంచివాడా చెడ్డవాడా అన్నదాని కంటే ముందు ఆయన వీసా ఏమిటో అడగమనండి. మంచివాడే అయి ఉండవచ్చు కూడా.

పసుపుకొమ్ము (ఆర్మూరు)

నేను పద్నాలుగేండ్లుగా పసుపు రైతు భార్యను. టీచర్ ట్రైనింగ్ చేసి, ఊళ్లోనే ప్రైవేటు బడిలో చెప్తాను. ముక్కుపుడక చెల్లెలా, నీకు విలువల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను డబ్బుల గురించి చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో విలువలన్నీ డబ్బుల దగ్గరే బయటపడ్డాయి.

పసుపు జూన్‌లో పెడితే చేతికొచ్చేసరికి ఫిబ్రవరి, మార్చి అవుతుంది. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టించాలి, అప్పుడు మార్కెట్‌కు. అంటే ఏడాదికి ఒక్కసారే పైసలు చూస్తాం, అవి కూడా ఆ వారం ధర ఎట్లుంటే అట్ల. నెల జీతానికి అలవాటైన నీకు మొదట ఇది ఊపిరాడనివ్వదు. నీ జీతంతో ఇల్లు నడుస్తుంది, ఆయన పంటతో అప్పు తీరుతుంది. అప్పుడు ఎవరి సొమ్ము పెద్దదన్న మాట ఇంట్లోకి రాకుండా చూసుకోగలరా, అది ఇద్దరూ ఇప్పుడే మాట్లాడుకోవాలి.

2019 పార్లమెంటు ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం మా దిక్కు రైతులు గుంపుగా నామినేషన్లు వేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. నిజామాబాద్ బరిలో మొత్తం 185 మంది నిలబడ్డారు. మా ఆయన కూడా వేస్తానన్నాడు. డిపాజిట్ 25,000. ఆ నెలలోనే ఎరువుల దుకాణానికి కట్టాల్సింది అంతకంటే ఎక్కువుంది. ఊరంతా మా ఆయన పేరు చెప్పుకుంటోంది, నేను ఒక్కదాన్నే వద్దన్నాను. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు పొద్దున ఆ డబ్బు నా ముందు పెట్టి, "దుకాణంలో కట్టేసి రా" అన్నాడు. దోస్తులు ఎగతాళి చేశారు, భార్య మాట వింటాడని ఇప్పటికీ అంటారు. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌కు వచ్చింది, అది వేరే సంగతి. నేను మా ఆయనను నిజంగా ఎంచుకున్నది ఆ మూడో రోజు పొద్దున. పెళ్లి అప్పటికే ఎన్నో ఏండ్ల కిందట అయిపోయింది.

కౌలు విషయంలో ఒక్క మాట. ఆ నాలుగెకరాల మీద బ్యాంకు రుణం ఎందుకు రాలేదో ఆయనను అడుగు. మీ దిక్కు కౌలుదారులకు పంట సాగుదారు హక్కు పత్రం ఇస్తారట, దానికి భూమి యజమాని ఒప్పుకోవాలని విన్నాను. అది దొరికితే రెండు రూపాయల వడ్డీ బాధ కొంత తప్పవచ్చు. సమయానికి కట్టే రైతుకు మూడు లక్షల లోపు పంట రుణం మీద వడ్డీ రాయితీ పోను ఏడాదికి నాలుగు శాతమే పడుతుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఇరవై నాలుగు.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

నా ఊరి సంగతి ఒకటి గుర్తుచేస్తాను. 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు ఇక్కడ తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు ఊరంతా ఎదురుతిరిగిందని అందరూ చెబుతారు. నిజమే. కానీ ఆయన ఒంటరిగా నిలబడ్డారన్నది సరికాదు. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య గారు ధనసాయం చేశారు, శిష్యులు కాపలా కాశారు, ఇంట్లో భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తోడున్నారు. నలుగురి మెప్పు లేకపోయినా పెళ్లి నిలుస్తుంది. అసలు ఎవరూ లేకుండా నిలబెట్టడం మాత్రం కష్టం. అమ్మాయీ, మీకు ఊరంతా అక్కరలేదు, మీ నాన్నగారు ఒక్కరు చాలు. ఆ నోటుబుక్కు ఆయనకు చూపించారా?

ముక్కుపుడక (గుంటూరు)

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి.

పసుపుకొమ్ము అక్కా, మీ ప్రశ్నలన్నీ అడిగాను. హక్కు పత్రానికి యజమాని సంతకం పెట్టనన్నాడట, సంతకం పెడితే పొలం చేజారుతుందని ఆయన అనుమానం. నా జీతం సంగతి కూడా మాట్లాడుకున్నాం. ఇల్లు నా జీతంతో నడిచినన్నాళ్లూ ఏ పంట వేయాలన్న నిర్ణయంలో నాకూ మాట ఉండాలని అడిగాను. ఆయనకు అది వెంటనే మింగుడుపడలేదు. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసి, పసుపు ఎకరం తగ్గించి మొక్కజొన్న వేయాలనుకుంటున్నాను, నీ అభిప్రాయమేమిటని అడిగారు. నాకు మొక్కజొన్న గురించి ఏమీ తెలియదు. అయినా అడిగారు.

డల్లాస్ సంబంధం వద్దని పెదనాన్నకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆయన నాతో మాట్లాడటం లేదు. అమ్మ ఇంకా ఏడుస్తోంది.

మాస్టారు గారు అడిగిన మీదట నోటుబుక్కును నాన్న కూర్చునే అరుగు మీద, పేపరు పక్కన పెట్టి, కాలేజీకి వెళ్లిపోయాను. రెండు రోజులు అది అక్కడే ఉంది, పేపరు మాత్రం మారుతోంది. మూడో రోజు సాయంత్రం వచ్చేసరికి నాన్న కళ్లజోడు పెట్టుకుని, కాలెండరు వెనక పెన్సిలుతో ఏవో అంకెలు వేసుకుంటున్నారు. నేను చెప్పులు విప్పుతుండగా తలెత్తకుండానే అన్నారు: "రెండో పేజీలో వడ్డీ తప్పు వేశాడు. జూన్ పది నుంచి ఏప్రిల్ పదికి పది నెలలవుతుంది, తొమ్మిదే వేసి ఇరవై ఏడు వేలన్నాడు. ముప్పై అవ్వాలి. అప్పిచ్చినవాడు వచ్చి కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది."

నేనేమీ అనలేదు. లోపలికి వెళ్లి కాఫీ పెట్టి తెచ్చాను. గ్లాసు అందుకుంటూ, "ఆదివారం ఇటు రమ్మను, ఆ నోటు కాగితం కూడా తెమ్మను" అన్నారు. వంటింటి గుమ్మం దగ్గర అమ్మ, ఆదివారం ఎంతమంది వస్తారని అడిగింది.